దెబ్బ తగిలాక మాట్లాడిన పిల్లవాడు తెల్లారేసరికి ఎందుకు పలకలేదు?

గుత్తి రోడ్డు, అనంతపురం

అందరికీ నమస్కారం. కర్నూలులో ఒక ఆసుపత్రి ఐసీయూ బయట బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. తప్పులుంటే మన్నించండి.

మా చిన్నాయన కొడుకుకు 26 ఏళ్లు. శుక్రవారం సాయంత్రం పామిడి నుంచి అనంతపురం వస్తుంటే హైవే మీద బండి జారి పడ్డాడు. హెల్మెట్ ఉంది, కానీ తల మీద లేదు, ట్యాంకు మీద ఉంది. వెనక వస్తున్న లారీ డ్రైవరు ఒకాయన బండి ఆపి, వీణ్ణి పక్కకు తీసుకొచ్చి, వీడి ఫోన్ నుంచే నాకు కొట్టాడు. నేను పోయేసరికి రోడ్డు పక్కన కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, "అన్నా, నాయనకు అప్పుడే చెప్పొద్దు" అన్నాడు. ఎడమ చెవి పైన బొప్పి కట్టింది. రక్తం పెద్దగా లేదు. దగ్గర్లో చూపిస్తే కుట్లు వేసి, ఒకసారి వాంతి చేసుకున్నాడని స్కాన్ కోసం టౌనుకు పంపారు. స్కాన్ చూసి, "ఎడమ వైపు చిన్న కంట్యూజన్ ఉంది, అంటే మెదడు కమిలింది, న్యూరో సర్జన్ ఉన్న చోట ఉంటే మంచిది" అన్నారు. అక్కడి నుంచి కర్నూలు. దారి పొడుగునా అప్పుడప్పుడు మాట్లాడుతూనే ఉన్నాడు. డోన్ దగ్గర నీళ్లు అడిగాడు.

తెల్లారుజామున పిలిస్తే పలకలేదు. రెండో స్కాన్‌లో రక్తం గడ్డ మొదటిదానికి రెండింతలు ఉంది, చుట్టూ వాపు. స్పృహ ఎంతుందో చెప్పే జీసీఎస్ అనే లెక్క 13 నుంచి 8కి పడిపోయిందని చెప్పి వెంటిలేటర్ పెట్టారు. 72 గంటలు ఏమీ చెప్పలేమంటున్నారు.

మా చిన్నమ్మ ఒకటే మాట అడుగుతోంది, "అంత బాగా మాట్లాడిన పిల్లోడు ఎట్ల పడిపోయినాడు? దావలో మీరేమన్నా చేసినారా?" నా దగ్గర జవాబు లేదు. దెబ్బ తగిలింది ఒక్కసారే కదా, మరి లోపల ఎందుకు పెరుగుతోంది? రాత్రంతా ఫోన్‌లో వెతికితే ల్యాబుల్లో ఎలుకలకు ఇలాంటి దెబ్బ తగిలించి, మందు ఇచ్చి బాగుచేశామని ఎన్నో కనిపించాయి. ఆ మందు మావాడికి ఎందుకు ఇవ్వరు? తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పండి.


పెన్నా ఒడ్డు

ధైర్యంగా ఉండు తమ్ముడూ. 1990ల్లో మా మేనమామకు ఇట్లాగే తలకు దెబ్బ తగిలితే రోజూ స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు, వాపు తగ్గి లేచి కూర్చున్నాడు. ఇప్పటికీ పొలం చూసుకుంటున్నాడు. ఆ ఇంజెక్షన్ వేస్తున్నారో లేదో ఒకసారి అడుగు. ఇప్పటి డాక్టర్లు కొన్ని మర్చిపోతారు.


ప్రొద్దుటూరు ఆడపడుచు

అన్నా, మాది కడప జిల్లా ప్రొద్దుటూరు. ఎనిమిదేళ్లుగా బెంగళూరులో ఒక ల్యాబులో తలదెబ్బల మీదే పనిచేస్తున్నాను. వైద్యం చేసే డాక్టరును కాను. మీ తమ్ముడి వైద్యం గురించి అక్కడి డాక్టర్ల మాటే మాట. కానీ చిన్నమ్మ అడిగిందే, అచ్చంగా అదే ప్రశ్న, నేను రోజూ పొద్దున ల్యాబు తలుపు తీసేటప్పుడు తలుచుకునేది. అందుకే రాస్తున్నాను.

ముందు స్టెరాయిడ్ సంగతి. పెన్నా ఒడ్డు మామా, మీ మేనమామ కోలుకున్నందుకు సంతోషం. ఆ రోజుల్లో చాలా చోట్ల ఇచ్చేవాళ్లు, వాపు తగ్గుతుందన్న నమ్మకంతో. తర్వాత 10,008 మంది మీద క్రాష్ అనే పరీక్ష చేశారు, 2004లో ఫలితం వచ్చింది. స్టెరాయిడ్ ఇచ్చినవాళ్లలో రెండు వారాల లోపు 21.1 శాతం మంది చనిపోయారు, ఇవ్వనివాళ్లలో 17.9 శాతం. మేలు చేస్తుందనుకున్న మందు ప్రాణాలు తీస్తోందని అప్పుడు తెలిసింది. అక్కడి డాక్టర్లు మర్చిపోలేదు, తెలిసే మానేశారు. అన్నా, దయచేసి దాని కోసం ఒత్తిడి చేయకండి.

ఇక చిన్నమ్మకు చెప్పవలసింది. మీరు దారిలో ఏమీ చేయలేదు. తలకు తగిలే దెబ్బలో రెండు దెబ్బలుంటాయి. మొదటిది రోడ్డు కొట్టిన దెబ్బ. అది రెప్పపాటులో అయిపోయింది, దాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేరు. రెండోది ఆ తర్వాత లోపల నిదానంగా మొదలవుతుంది. గంటలు గడిచేకొద్దీ ముదురుతుంది, రోజుల తరబడి సాగుతుంది. దాన్నే మేం సెకండరీ ఇంజురీ అంటాం. చెరువు కట్టకు చిన్న బుంగ పడితే సాయంత్రం చూసినవాళ్లకు తడిగా మాత్రమే కనిపిస్తుంది. కట్ట తెగేది నడిరేయి.

1975లో గ్లాస్గో డాక్టర్లు లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం రాశారు, దెబ్బ తగిలాక మాట్లాడి, తర్వాత పోయినవాళ్ల గురించి. ఆ మాట చూసి భయపడకండి, స్కానింగ్ అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. మీవాడి ముందు 24 గంటలూ మానిటర్ ఉంది. వాళ్ల వాదన మాత్రం చాలా సూటిగా ఉంది: మనిషి మాట్లాడగలిగాడంటే మొదటి దెబ్బ ఒక్కటే అతని ప్రాణం తీసేంత పెద్దది కాదు. మరి తీసింది ఏది? మూడేళ్ల తర్వాత అదే ఊళ్లో, తలదెబ్బతో పోయిన 151 మంది మెదళ్లు కోసి చూస్తే 91 శాతం మెదళ్లలో రక్తం అందక దెబ్బతిన్న చోట్లు కనిపించాయి. అంటే దెబ్బ తర్వాత మెదడుకు రక్తం, ఆక్సిజన్ అందలేదు. మా పని అంతా అక్కడి నుంచి మొదలైంది.

లోపల ఏం జరుగుతుందో చెప్తాను. మెదడు కణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి గ్లుటమేట్ అనే పదార్థాన్ని చుక్క చుక్కగా వాడతాయి. దెబ్బ తగిలినప్పుడు అది ఒక్కసారిగా ఒలికిపోతుంది. పక్క కణాలు ఆ అరుపుకు తలుపులన్నీ తెరిచేస్తాయి, కాల్షియం లోపలికి వరదలా వచ్చేస్తుంది. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా ఆ కాల్షియంతో చెడిపోతాయి. శక్తి లేక సోడియంను బయటికి తోడే పంపులు ఆగుతాయి. సోడియం ఆగిన చోట నీరు చేరుతుంది. వాపు అంటే అదే. ఒంటి బరువులో మెదడు 2 శాతమే, కానీ ఒంటికి అందే ఆక్సిజన్‌లో 20 శాతం అదే వాడుకుంటుంది. అలాంటి చోట కాసేపు ఆక్సిజన్ తగ్గినా ఈ గొలుసు అంతా ఇంకా వేగంగా నడుస్తుంది.

పోగుల సంగతి ఇంకొకటి. కణం నుంచి కణానికి పోయే సన్నని పోగులు దెబ్బ తగిలిన క్షణంలోనే పుటుక్కున తెగిపోతాయని చాలా కాలం అనుకున్నారు. దెబ్బ తగిలించిన జంతువుల మెదళ్లను గంట గంటకూ తీసి మైక్రోస్కోపులో చూస్తే చాలా పోగులు అప్పటికి తెగి లేవు. మెలిపడ్డాయంతే. ఆ మెలిక దగ్గర లోపలి సరుకు రవాణా ఆగి, పోగు పూసలా ఉబ్బి, కొన్ని గంటలు గడిచాక అక్కడ తెగుతుంది. నా మొదటి స్లైడులో ఆ పూసలు చూసిన రోజు నాకు అన్నం సహించలేదు. ఇంకా తెగని పోగు అంటే ఇంకా కాపాడుకోగలిగిన పోగు అని కదా.

మా ల్యాబులో ఎవాన్స్ బ్లూ అని ఒక రంగు వాడతాం. మత్తులో ఉన్న ఎలుక తోకలోని నరంలోకి ఎక్కిస్తాం. నిమిషాల్లో చెవులు, పాదాలు, ముక్కు కొస నీలంగా మారతాయి. లోపల కోసి చూస్తే కాలేయం, గుండె, కండ అంతా నీలమే. మెదడు ఒక్కటి మీగడలా తెల్లగా ఉంటుంది. రక్తంలోని ప్రతిదాన్నీ మెదడులోకి రానివ్వని గోడ ఒకటి రక్తనాళాల చుట్టూ ఉంది కాబట్టి. పాల్ ఎర్లిక్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1885లోనే రంగులు ఎక్కించి ఇలాంటిది గమనించాడు. దెబ్బ తగిలించిన ఎలుకలో ఆ తెల్లని మెదడు మీద, ఎడమ వైపు, శనగ గింజంత నీలం మచ్చ ఉంటుంది. అంచులు సిరా చుక్క పడిన కాగితంలా పాకి ఉంటాయి. అక్కడ గోడ కూలిందని అర్థం. రక్తంలోని నీరు, ప్రోటీన్ అటునుంచే లోపలికి దిగుతాయి.

ఆ నీటిని కొలిచే పద్ధతి మన అనంతపురం రైతుకు చెప్తే ఇట్టే అర్థమవుతుంది. శనక్కాయలకు తేమ చూస్తారు కదా, అదే. మెదడు ముక్కను తూచి, ఓవెన్‌లో ఒక రోజు ఎండబెట్టి, మళ్లీ తూచి తేడా చూస్తాం. మంచి ఎలుక మెదడులో నీరు 78 నుంచి 79 శాతం. దెబ్బ తగిలిన వైపు మర్నాటికి అది 80 దాటుతుంది. ఒకటి రెండు శాతమే కదా అని నేనూ మొదట్లో అనుకున్నాను. కానీ పుర్రె ఇత్తడి చెంబులాంటిది, సాగదు. అందులో మెదడు, రక్తం, మెదడు చుట్టూ ఉండే వెన్ను నీరు మూడూ సరిగ్గా సరిపోయి ఉంటాయి. ఒకటి పెరిగితే ఇంకొకటి చోటివ్వాలి. 1783లో మన్రో, 1824లో కెల్లీ అనే ఇద్దరు స్కాట్లాండ్ వైద్యులు చెప్పిన మాట ఇది, ఇవాళ మీ తమ్ముడి మానిటర్ మీద కనిపించే ప్రెషర్ అంకె దాని మీదే ఆధారపడి ఉంది. మొదట వెన్ను నీరు పక్కకు తప్పుకుని చోటిస్తుంది. అంతసేపు మనిషి మాట్లాడుతాడు. నీళ్లు అడుగుతాడు. ఇవ్వడానికి చోటు అయిపోయిన క్షణం నుంచి ప్రెషర్ నిటారుగా ఎక్కుతుంది. డోన్ దగ్గర మాట్లాడినవాడు తెల్లారి ఎందుకు పలకలేదంటే ఇదే కారణం. చిన్నమ్మకు ఈ ఒక్క సంగతి చెప్పండి.

రక్తం గడ్డ పెరగడం కూడా కొత్త దెబ్బ వల్ల కాదు. కమిలిన చోటు అంచున ఉన్న సన్న రక్తనాళాల్లో, మామూలుగా మెదడులో లేని ఒక ద్వారం కొన్ని గంటల్లో పుట్టుకొస్తుంది. సర్1 అంటారు. దాని గుండా సోడియం దూరి నాళం గోడ కణాలు ఉబ్బి చస్తాయి, నాళం చిట్లుతుంది, రక్తం ఇంకాస్త పాకుతుంది. బాల్టిమోర్‌లో సిమార్డ్ అనే న్యూరో సర్జన్ బృందం 2009లో ఎలుకల్లో దీన్ని చూపించింది. ఆ ద్వారాన్ని మూసే మందు ఏమిటో తెలుసా, గ్లిబెన్‌క్లమైడ్. మన ఇళ్లలో షుగర్‌కు వాడే డయోనిల్ మాత్ర. ఎలుకల్లో గడ్డ పెరగడం తగ్గింది. ఇది చదివి ఎవరూ మాత్ర తెచ్చి ఇవ్వకండి, షుగర్ పడిపోతే దెబ్బతిన్న మెదడుకు అది ఇంకో దెబ్బ. పెద్ద పక్షవాతంలో ఇదే మందును ఇంజెక్షన్‌గా ఇచ్చి చూసిన పరీక్ష ఫలితం 2024లో వచ్చింది, ఆశించిన మేలు తేలలేదు.

డ్యూటీకి టైమ్ అయింది. ఎలుకల మందుల సంగతి రాత్రికి రాస్తాను.


నైట్ డ్యూటీ సిస్టర్, కర్నూలు

అక్క చెప్పినదంతా మా వార్డులో ఎలా ఉంటుందో నేను చెప్తాను. 14 ఏళ్లుగా ఐసీయూలోనే ఉన్నాను. మీ తమ్ముడు ఉన్న ఆసుపత్రి ఏదో నాకు తెలియదు, ఎక్కడైనా పద్ధతి ఒకటే.

మంచం తల వైపు 30 డిగ్రీలు ఎత్తి ఉంటుంది. మెడ నిటారుగా, మధ్యలో ఉండాలి. మెడ ఒక పక్కకు వాలితే, లేదా గొట్టం కట్టిన టేపు బిగుసుకుంటే, తల నుంచి దిగే రక్తం ఆగి ప్రెషర్ పెరుగుతుంది. డ్యూటీ ఎక్కగానే నేను మొదట చేసేది ఆ టేపు కింద నా వేలు దూరుతుందా అని చూడటం. గంట గంటకూ టార్చి వేసి కళ్లు చూస్తాం. ఒక కంటి పాప పెద్దదైతే పరుగే. పైబీపీ మీ తమ్ముడి వయసులో 110కి తగ్గకుండా చూస్తాం. 90 కంటే కిందికి ఒక్కసారి పడినా చనిపోయేవాళ్లు రెట్టింపవుతారని 1993లో వచ్చిన లెక్క మా సార్ మాకు మొదటి క్లాసులోనే చెప్పారు. తలలో ప్రెషర్ 22 దాటితే మందు మొదలు. మానిటాల్ గానీ, 3 శాతం ఉప్పు సెలైన్ గానీ.

జ్వరం. ఇది ఇంట్లోవాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. తలదెబ్బ పేషెంటుకు మేం 100 చూసినా ఊరుకోం. ఎండాకాలంలో మన ఊళ్లో ఏసీ సరిగా పనిచేయని రోజు నాకు ఎంత టెన్షనో చెప్పలేను.

ఒక సంగతి చెప్తే గుండె బరువు తగ్గుతుంది. చాలా ఏళ్ల కిందట వేరే ఊరి నుంచి ఒక కుర్రవాణ్ణి తెచ్చారు. దారిలో ఆక్సిజన్ సిలిండర్ అయిపోయిందట, ఎవరూ చూడలేదు. మా దగ్గర వేలికి క్లిప్పు పెడితే ఆక్సిజన్ 71 చూపించింది. స్కాన్‌లో అతనికీ మీ తమ్ముడిలా చిన్న గడ్డే. అతను దక్కలేదు. ఆ తర్వాత ఏ అంబులెన్స్ వచ్చినా నేను పేషెంటు కంటే ముందు సిలిండర్ మీటరు చూస్తాను. మీరు దారిలో తమ్ముడికి ఆక్సిజన్ పెట్టించారా? పెట్టిస్తే మీరు చేయవలసిన పెద్ద పని చేసేసినట్టే.

చిన్నమ్మను లోపలికి పంపినప్పుడు తల ఎత్తి ఒళ్లో పెట్టుకోవద్దని చెప్పండి. చెయ్యి పట్టుకోవచ్చు. పేరు పెట్టి మెల్లగా పిలవచ్చు. మేం ఏమీ అనం.


గుత్తి రోడ్డు, అనంతపురం

సిస్టర్, అంబులెన్స్‌లో మాస్కు పెట్టారు, అనంతపురం నుంచి కర్నూలు దాకా తీయలేదు. మీ మాట చదివాక బాత్‌రూమ్‌లోకి పోయి ఏడ్చాను.

అక్కా, చెరువు కట్ట మాట చిన్నమ్మకు చెప్పాను. వాళ్ల పుట్టిల్లు చెరువు కింద ఊరు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అయితే లారీ ఆయన, మీరు తొందరగానే తెచ్చినారు" అంది. శుక్రవారం నుంచి మొదటిసారి రెండు ఇడ్లీ తిన్నది. ఇవాళ ప్రెషర్ 19, 20 దగ్గర ఉందట. ఆపరేషన్ ఇప్పటికి వద్దన్నారు. ఎలుకల సంగతి రాయండి.


ప్రొద్దుటూరు ఆడపడుచు

ఇప్పుడే రూముకు వచ్చాను. 19, 20 అంటే మంచి మాట.

ఎలుకల్లో పనిచేసిన మందులు మనుషుల్లో ఎందుకు పనిచేయలేదు అని మీరు అడిగారు. మా రంగానికి ఇది పెద్ద గాయం. గ్లుటమేట్‌ను అడ్డుకునే మందులు 1990ల్లో మనుషుల దాకా వచ్చి ఓడిపోయాయి. శరీరాన్ని చల్లబరచడం ఎలుకల్లో అద్భుతంగా పనిచేసింది. 2018లో 511 మంది మీద చేసిన పరీక్షలో మేలు కనిపించలేదు. ప్రొజెస్టరాన్ కథ మరీ బాధ. దెబ్బ తగిలిన ఆడ ఎలుకల్లో వాపు తక్కువ ఉందని అమెరికాలో డొనాల్డ్ స్టైన్ అనే ఆయన గమనించి, ఏళ్ల తరబడి దాని వెంట పడ్డారు. ల్యాబు తర్వాత ల్యాబు అవునంది. చివరకు రెండు పెద్ద పరీక్షలు, ఒకటి 882 మంది, ఇంకొకటి 1,195 మంది. 2014 డిసెంబరులో రెండింటి ఫలితం ఒకేసారి వచ్చింది. రెండూ లాభం లేదన్నాయి.

నేను చేసే పని చెప్తే తేడా ఎక్కడుందో మీకే కనిపిస్తుంది. నా ఎలుక 300 గ్రాములు. మెదడు రెండు గ్రాములు, మడతలు లేకుండా నున్నగా ఉంటుంది. మనిషిది దాదాపు 1,400 గ్రాములు, నిండా మడతలు. నా ఎలుకలన్నీ ఒకే వయసువి, మగవి, ఒకే తిండి తిన్నవి. 1994లో మార్మరూ అనే శాస్త్రవేత్త బృందం చెప్పిన పద్ధతిలో, మత్తిచ్చిన ఎలుక తల మీద చిన్న స్టీలు బిళ్ల అంటించి, 450 గ్రాముల ఇత్తడి గుండును రెండు మీటర్ల గొట్టంలోంచి వదులుతాం. ప్రతి ఎలుకకూ అదే గుండు, అదే ఎత్తు. తర్వాత వారాల్లో, పాలపొడి కలిపి తెల్లగా చేసిన నీళ్ల తొట్టిలో దాన్ని ఈదనిచ్చి, నీటి కింద దాచిన మెట్టును ఎంతసేపటికి గుర్తుపెట్టుకుని చేరుతుందో చూస్తాం. మందు తీసుకున్న ఎలుక తిన్నగా మెట్టు వైపు తిరిగినప్పుడు నాకు కలిగే సంతోషం మాటల్లో చెప్పలేను. మా అమ్మకు ఫోన్ చేసి చెప్పిన రోజులున్నాయి. ఎలుకలను చంపే పని ఇష్టంగా ఎవరూ చేయరు అన్నా. ప్రతి ఎలుకకూ కమిటీ అనుమతి, మత్తు, లెక్క ఉంటాయి. అయినా ఆ గుండు పడే చప్పుడు అలవాటు కాదు.

కానీ అసలు సంగతి ఒకటుంది. మా వాళ్లు రాసిన పేపర్లు తెరిచి, మందు ఎప్పుడు ఇచ్చారో చూడండి. చాలావాటిలో 15 నిమిషాలు. 30 నిమిషాలు. ఒక గంట. కొన్నిటిలో దెబ్బకు ముందే. ఎలుక నా టేబుల్ మీదే ఉంది, సిరంజి నా చేతిలోనే ఉంది. మన రాయలసీమలో 15 నిమిషాల్లో ఎవరికి మందు అందుతుంది? పడినవాణ్ణి ఎవరో ఒకరు చూడాలి, ఆగాలి, బండి రావాలి, మొదటి ఆసుపత్రి, అక్కడి నుంచి స్కాన్ ఉన్న ఊరు, అక్కడి నుంచి సర్జన్ ఉన్న ఊరు. ప్రొజెస్టరాన్ పరీక్షల్లో ఒకదానిలో నాలుగు గంటల లోపు, ఇంకొకదానిలో ఎనిమిది గంటల లోపు మొదలుపెట్టారు. అయినా ఓడిపోయాయి కాబట్టి టైమ్ ఒక్కటే కారణం అనను. మనుషుల్లో దెబ్బలు వందరకాలు, ఒక్కొక్కరిలో రెండో దెబ్బ ఒక్కోలా నడుస్తుంది. ఒకరిలో వాపు, ఒకరిలో రక్తం పాకడం, ఒకరిలో పోగులు ఉబ్బడం. అందరికీ ఒకే మందు పోసి చూశాం. అది మా తప్పే.

నిలిచిన మందు ఒకటుంది, ట్రానెక్సమిక్ యాసిడ్. ఆడవాళ్లకు నెలసరిలో రక్తం ఎక్కువైతే ఇచ్చే మాత్రే. జపాన్‌లో ఒకామోతో ఉతాకో అనే ఆవిడ, ఆమె భర్త 1960ల్లో కనిపెట్టారు. 29 దేశాల్లో 12,737 మంది మీద పరీక్షించి 2019లో ఫలితం చెప్పారు. దెబ్బ మరీ తీవ్రం కాని వాళ్లకు మూడు గంటల లోపు ఇస్తే తలదెబ్బతో చనిపోయేవాళ్లు తగ్గారు. మూడు గంటల లోపు, చూశారా. మళ్లీ గడియారమే.

సిస్టర్ చెప్పినవన్నీ, తల ఎత్తు, బీపీ, ఆక్సిజన్, జ్వరం, ల్యాబుల్లోనూ వార్డుల్లోనూ తేలినవే. దెబ్బ తగిలిన మర్నాడు ఎలుక మెదడు వేడిని 39 డిగ్రీలకు, అంటే 102కు, మూడు గంటలు పెంచితే చనిపోయేవి ఎక్కువయ్యాయి, గాయం పెరిగింది. ఆ ఎలుకల వల్లే ఇవాళ సిస్టర్ 100 చూసి ఊరుకోదు. ఆ ఒక్కటి తప్ప మందు సీసా రూపంలో మేం ఇంకా ఏమీ ఇవ్వలేకపోయాం. మీ తమ్ముడి మంచం దగ్గర ఇవాళ జరుగుతున్నదే మా పని ఇచ్చింది.

అన్నా, ఒక సాయం అడగొచ్చా? తప్పనిపిస్తే వదిలేయండి. శుక్రవారం ఏ ఏ టైముకు ఏం జరిగిందో గుర్తుంటే రాయండి. పేర్లు, ఆసుపత్రులు వద్దు. టైములు చాలు.


గుత్తి రోడ్డు, అనంతపురం

ఫోన్ కాల్ లిస్టు, స్కాన్ రిపోర్టు చూసి రాస్తున్నాను.

పడింది సాయంత్రం 6:40. లారీ ఆయన ఫోన్ 6:52. మొదటి ఆసుపత్రి 7:35. స్కాన్ 10:15. అంబులెన్స్ బయలుదేరింది 11:20. ఐసీయూ లోపలికి 1:50.

తలకు సంబంధించిన మందు మొదటిది ఐసీయూలోనే వేశారు, అంతకుముందు వాంతి ఇంజెక్షన్, కుట్లు అంతే. ఇప్పుడు ప్రెషర్ 17. రేపు మత్తు కొంచెం తగ్గించి చూస్తామన్నారు. చిన్నమ్మ చెయ్యి పట్టుకుని కూర్చుంది, సిస్టర్ చెప్పినట్టే తల ముట్టుకోలేదు.


ప్రొద్దుటూరు ఆడపడుచు

6:40 నుంచి 1:50. ఏడు గంటల పది నిమిషాలు.

వచ్చే సోమవారం నా కొత్త బ్యాచ్ ఎలుకలు మొదలవుతాయి. మొదటి డోసు 30 నిమిషాలకు అని ప్లాన్‌లో ఉంది. ఇప్పుడే మా మేడమ్‌కు మెయిల్ రాశాను, ఇంకో గుంపు పెడదాం, మొదటి డోసు ఏడు గంటలకు ఇద్దాం, కమిటీకి మళ్లీ కాగితం పెడతాను అని. ఎందుకని అడిగితే మీరు రాసిన ఆరు టైములు చూపిస్తాను.

రేపు మత్తు తగ్గించాక కళ్లు తెరిచాడా లేదా, ఎంత రాత్రయినా ఇక్కడ రాయండి.